ఉతికేది ఎవరో ముందు తేల్చుకోండి

పోయిన నెల ఈ శీర్షికలో ఉగ్గు గురించి అడిగిన ఒక తల్లికి జవాబు రాస్తూ, చివర్లో ఊరికే ఒక మాట అన్నాను: "వీలైతే పగటి పూటైనా గుడ్డ డైపర్ వాడి చూడమ్మా" అని. ఉగ్గు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. గుడ్డ డైపర్ మీద మాత్రం సంచెడు ఉత్తరాలు. కాబట్టి ఈసారి పేజీ మొత్తం వాటికే.

కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట. నేను డాక్టర్ని కాను. అనంతపురం జిల్లాలో, ఎక్కువగా కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో, 31 ఏళ్లు ఏఎన్ఎం నర్సుగా చేసి రిటైరైనదాన్ని. నా ఇద్దరు పిల్లల్ని పాత చీర గుడ్డల్లో పెంచాను, మనవరాల్ని టిచ్ బటన్ల డైపర్లలో పెంచాను. నాకు తెలిసింది అంతవరకే.

*

నాకు ఎనిమిదో నెల. కాన్పుకని పుట్టింటికొచ్చాను. ఫోన్లో చూస్తే గుడ్డ డైపర్లు పది రకాలున్నాయి. ఏవి కొనాలి, ఎన్ని కొనాలి? బిడ్డ పుట్టకముందే ఏమీ కొనకూడదని మా అమ్మ అంటోంది.
— కాబోయే తల్లి, కర్నూలు

మీ అమ్మ మాట తీసెయ్యకు తల్లీ. కారణాలు వేరైనా ఆమే నేనూ ఒకచోటికే వస్తాం. ఖరీదైనవి ఇప్పుడే కొనొద్దు.

పేర్లు పది ఉన్నా సరుకు మూడు రకాలే. ఒకటి మన పాత చదరపు గుడ్డ. మడిచి కట్టడం, కావాలంటే పైన నీళ్లు దిగని కవరు తొడగడం. రెండోది పాకెట్ డైపర్. బయట నీళ్లు దిగని పొర, లోపల ఒంటికి తగిలే మెత్తటి పొర, ఒక పక్క సంచిలాగా నోరు. ఆ నోట్లో పీల్చే ప్యాడ్ దూర్చాలి, ఉతికేటప్పుడు బయటికి లాగాలి. మూడోది అన్నీ కలిపి కుట్టేసింది. తొడిగేవాళ్లకు దానంత సుఖం ఇంకొకటి లేదు, ఆరబెట్టేవాళ్లకు దానంత కష్టం ఇంకొకటి లేదు. మందం అంతా ఒకేచోట ఉంటుంది కాబట్టి ముసురు పట్టిందంటే రెండో రోజుకి గానీ ఆరదు.

ఈ టిచ్ బటన్లవి చాలావరకు "ఫ్రీ సైజు" అని అమ్ముతారు. అట్ట మీద మూడు కిలోల నుంచి అని రాసి ఉన్నా నమ్మొద్దు. మన దగ్గర పుట్టే బిడ్డలు చాలామంది రెండున్నర, మూడు కిలోల మధ్యే ఉంటారు. అంత సన్నటి తొడలకు చివరి బటను పెట్టినా పక్కన వేలు దూరేంత సందు మిగులుతుంది, ఉచ్చ అక్కడి నుంచే కారుతుంది. బొడ్డు ఊడేదాకా దాని మీదికి ఏదీ రాకూడదు కూడా. రెండు మూడు నెలలకు ఐదు కిలోలైనాక అవి ఒంటికి సరిగ్గా కూర్చుంటాయి.

అందుకని మొదటి రెండు నెలలూ ఒట్టి గుడ్డలే. పసికందుకు రోజుకు పది పన్నెండు మారుస్తావు. అంగట్లో కొన్నవో, ఇంట్లో కోసినవో పాతిక ఉంటే ఒక రోజు ఉతకడం తప్పినా గడిచిపోతుంది. నీళ్లు దిగని కవర్లు మూడు చాలు, అవీ బయటికెళ్లేటప్పుడే. ఏ కవరైనా కర్నూలు మే నెల ఎండలో ఉక్కే. ఇంట్లో ఉన్నప్పుడు కవరు లేకుండా గుడ్డ కట్టి, కింద రబ్బరు షీటు, దానిపైన పాత దుప్పటి మడత వెయ్యి.

మూడో నెలలో పాకెట్ డైపర్లు రెండే రెండు కొను, వేర్వేరు రకాలు. పది రోజులు వాడు. ఏది నీ బిడ్డ తొడలకు సరిపోయిందో అదే ఇంకో ఎనిమిదో పదో తెప్పించుకో. ఒక్కోటి రెండు మూడు వందల నుంచి మొదలవుతుంది కాబట్టి, డజను కొన్నాక సరిపోలేదంటే చిన్న దెబ్బ కాదు. లోపలి ప్యాడ్ దేనితో చేశారో చూసుకో. మైక్రోఫైబర్ గబుక్కున పీలుస్తుంది, కానీ బిడ్డ కూర్చుంటే పిండినట్టు తిరిగి కక్కుతుంది. దాన్ని ఒంటికి నేరుగా తగలనియ్యొద్దు, చర్మంలోని చెమ్మ కూడా లాగేస్తుంది. నూలువి, వెదురు నారవి నిదానంగా పీల్చినా ఎక్కువ పట్టుకుంటాయి.

ఇంకొకటి ఉంది, అట్టల మీద ఎక్కడా రాయరు. నేను బాలింతల ఇళ్లకు పోయినప్పుడు మొదట చూసేది దండెం. "పాలు చాలట్లేదేమో" అని తల్లి ఏడుస్తుంటే, "నిన్న పొద్దున్నుంచి ఈ పొద్దుటికి ఎన్ని గుడ్డలు తడిపింది?" అని అడిగేదాన్ని. ఐదో రోజు దాటినాక 24 గంటల్లో ఆరు, అంతకు మించి తడిపితే పాలు అందుతున్నట్టే. రెండో మూడో అంటే ఆ పూటే ఆస్పత్రికి పంపేదాన్ని. వాడి పారేసే అంగడి డైపర్‌లో మూడుసార్లు పోసినా పైకి ఒకటిగానే కనపడుతుంది. అందుకే మొదటి నెలైనా గుడ్డలు కట్టమంటాను.

*

మాది బోరు నీళ్ల ఇల్లు. నాలుగు నెలల కింద కొన్న పాకెట్ డైపర్లు మొదట్లో బాగానే ఉండేవి. ఇప్పుడు ప్యాడ్లు అప్పడాల్లా బిరుసెక్కినాయి. పొద్దున తీస్తే కళ్లు మండే వాసన. పక్కల నుంచి కారుతున్నాయి కూడా. సరుకే మోసమా?
— ఒక తల్లి, అనంతపురం

సరుకు కాదమ్మా, మన నీళ్లు. ఇట్లాంటి ఉత్తరాలు పదకొండు వచ్చాయి, అందులో ఎనిమిది మన జిల్లావే.

ఒక పని చెయ్యి. మూత ఉన్న తెల్ల సీసా తీసుకుని సగానికి బోరు నీళ్లు పొయ్యి. ఒంటి సబ్బు చాకుతో గీరి చిటికెడు వేసి, మూత బిగించి గిలక్కొట్టు. ఇంకో సీసాలో తాగే నీళ్లతో అట్లే చేసి రెండూ కిటికీలో పక్కపక్కన పెట్టు. తాగే నీళ్ల సీసాలో నురగ నిలబడుతుంది. బోరు నీళ్ల సీసాలో నురగ రాదు, నీళ్లు పాలు విరిగినట్టు తెల్లబడి పైన తెట్టు కడతాయి. మనం ఉప్పు నీళ్లంటాం, బడి పుస్తకంలో కఠిన జలం అని రాస్తారు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి ఆ తెట్టు అవుతుంది. ఉతికిన ప్రతిసారీ అది కొంచెం కొంచెం పోగుల మధ్య చేరి కూర్చుంటుంది. పోగుకు మైనం పూసినట్టే లెక్క. అప్పుడు ఉచ్చ లోపలికి దిగక పైపైన పారి కాళ్ల దగ్గర కారుతుంది. లోపలికి దిగింది ఉతుకులో పూర్తిగా బయటికి రాదు. ఉచ్చలోని యూరియాను క్రిములు విరగ్గొడితే అమ్మోనియా పుడుతుంది. నీ కళ్లు మండిస్తున్నది అదే.

ముందు సబ్బు బిళ్ల రుద్దడం మానెయ్. బట్టల పొడి వాడు. బకెట్టు బోరు నీళ్లలో మొదట రెండు చెంచాలు చాకలి సోడా కలిపి, కరిగినాక పొడి వెయ్యి. ఆ సోడా నీళ్లలోని కాల్షియాన్ని పట్టుకుని పక్కన పెడుతుంది, పొడికి తన పని తాను చేసుకునే వీలు దొరుకుతుంది. వంట సోడా కాదు, అది వేరు. చాకలి సోడా చేతులకు మంట, కాబట్టి గ్లవ్స్ వేసుకో. ఇప్పుడు బిరుసెక్కిన ప్యాడ్లను ఒకసారి బాగు చెయ్యాలి. ప్యాడ్లు మాత్రమే, కవర్లు కాదు. ఉడుకు నీళ్లలో సోడా, పొడి కలిపి సందకాడ నానేసి, పడుకోబోయే ముందు తీసి ఉతుకు. ఆ నీళ్లు ఎట్లా మారతాయో చూస్తే నీకే తెలుస్తుంది. తర్వాత మూడు నీళ్లు జాడించు. సోడా గానీ పొడి గానీ గుడ్డలో మిగిలితే బిడ్డ ఒళ్లు మండుతుంది. ఆఖరి నీళ్లు మాత్రం మంచినీళ్లు కావాలి. మున్సిపల్ కొళాయి వచ్చే పూట ఉతుకు పెట్టుకో. పల్లెలో ఉండేవాళ్లయితే సత్యసాయి మంచినీళ్ల పథకం నీళ్లు వచ్చే వేళకు. వాన పడితే మిద్దె మీది నీళ్లు మొదటి జల్లు వదిలేసి పట్టుకో, వాన నీళ్లను మించిన మెత్తటి నీళ్లు లేవు. మనకు పడే వాన ఎంతనేది వేరే సంగతి.

ఫిల్టరు మిషన్ వదిలే నీళ్లు వృథా ఎందుకని బట్టలకు వాడతారు చాలామంది. కాళ్లు తుడిచే పట్టలకు, గచ్చు కడగడానికి సరే. డైపర్లకు మాత్రం వద్దు. ఉప్పంతా చిక్కబడి ఉండేది ఆ నీళ్లలోనే.

కుంకుడుకాయ రసం గురించి ముగ్గురు అడిగారు. అది తెట్టు కట్టదు, నిజమే. కానీ నూనె మరకకు, దొడ్డికి పోయిన గుడ్డకు దాని బలం చాలదు.

బట్టలకు మంచి వాసన రావడానికి ఆఖరి నీళ్లలో కలిపే మందు ఉంటుంది కదా, అది గుడ్డ డైపర్‌కు శత్రువు. నూలుకు జిడ్డు పొర వేసి మెత్తగా చేస్తుంది, పీల్చే గుణం పోతుంది. నాకెట్లా తెలుసంటే, మనవరాలి ప్యాడ్లు గరుకుగా ఉన్నాయని నేనే నెల రోజులు ఆ మందు పోశాను. మెత్తగా, ఘుమఘుమలాడుతూ ఉండేవి. నంద్యాలలో పెళ్లికి పోయాం. ధర్మవరం పట్టుచీర కట్టుకున్న మా వియ్యపురాలు "ఇటివ్వండి వదినా, కాసేపు నేనెత్తుకుంటా" అంది. నాలుగు నిమిషాలు కూడా కాలేదు. ఆమె ఏమీ అనలేదు. ఇప్పటికీ ఏమీ అనలేదు, అదే నాకు బాధ.

ఇంకో సంగతి. ఉచ్చ గుడ్డలు మూత బకెట్లో రెండు రోజులు నానబెట్టకండి, వాసన అక్కడే పుడుతుంది. ఒకసారి జాడించి, గాలి ఆడే చిల్లుల బుట్టలో వేసి, మర్నాటికల్లా ఉతకండి. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో నీళ్ల బకెట్టు నేల మీద ఉంచకండి. జానెడు నీళ్లు చాలు ప్రమాదానికి. ఉద్యోగంలో ఉండగా అట్లాంటి ఇంటికి ఒకసారి పోవాల్సి వచ్చింది. ఆ సంగతి ఇక్కడ రాయను.

*

మా ఇంట్లో మగ్గం ఉంది. మా ఆయన నేసిన గుడ్డే బిడ్డకు కట్టాలని ఆశ. కానీ కొత్త గుడ్డ మీద నీళ్ల చుక్క వేస్తే తామరాకు మీద మాదిరి జారిపోతోంది. పాత చీరలే మేలా?
— ఒక నేత ఇల్లాలు, ఎమ్మిగనూరు

ఎమ్మిగనూరు వాళ్లు గుడ్డ గురించి నన్నడగడమా! 1938లో మాచాని సోమప్పగారు చేనేత సొసైటీ పెట్టిన ఊరు మీది. నా పెళ్లికి పెట్టిన దుప్పటి మీ ఊరిదే, అంచు చిరిగింది గానీ నడుమ ఇంకా గట్టిగా ఉంది.

మీ గుడ్డ తప్పేం లేదు. పడుగుకు మీరే గంజి పెడతారు కదా, అది ఒకటి. రెండోది, పత్తి పోగుకు పుట్టుకతోనే సన్నటి మైనం పొర ఉంటుంది. రెండూ పోయేదాకా గుడ్డ నీళ్లు తాగదు. మొదట రాత్రంతా మంచినీళ్లలో నానబెట్టి గంజి వదిలించు. తర్వాత కొంచెం బట్టల పొడి, కొంచెం చాకలి సోడా వేసిన నీళ్లలో అరగంట ఉడికించు. నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి, భయపడకు. ఆ తర్వాత మామూలుగా ఐదారు సార్లు ఉతికి ఎండేస్తే అప్పుడు పీల్చడం మొదలుపెడుతుంది. అంగట్లో కొన్న నూలు ప్యాడ్లకైనా ఇదే లెక్క. కొన్న రోజే కట్టి "పనికిరాదు" అని రాసినవాళ్లు ఇది చదువుకోవాలి. నేసేటప్పుడే ఆయనకు చెప్పు, నేత కొంచెం వదులుగా, పోగు సన్నంగా ఉండాలని. బిగువైన గుడ్డ మందంగా కనపడుతుంది గానీ ఆరదు. రంగు నూలు వద్దు.

పాత చీరలు మేలే. నూలువైతేనే. పాలిస్టర్ కలిసిన చీర ఎంత మెత్తగా ఉన్నా పీల్చదు. జరీ అంచు, కుట్టు మడతలు కత్తిరించెయ్యాలి.

మడత కూడా చెప్తాను, ఈ కాలం పిల్లలకు ఎవరూ చూపించడం లేదు. గజంలో మూడో వంతు తక్కువ, అంటే 24 అంగుళాల చదరపు గుడ్డ. మూలకు మూల కలిపితే త్రికోణం. పొడుగు అంచు పైకి, మొన నీ వైపుకు. పసికందుకు పెద్దదనిపిస్తే ఆ పొడుగు అంచును మూడు వేళ్లు కిందికి మడువు. ఇంకో చిన్న గుడ్డను నాలుగు వేళ్ల వెడల్పు పట్టీగా మడిచి త్రికోణం నడుమ నిలువుగా పెట్టు. మగపిల్లోడైతే పట్టీ ముందు వైపు రెండు మడతలు ఎక్కువ రావాలి, ఆడపిల్లకైతే నడుమ. బిడ్డ నడుము పొడుగు అంచు మీద ఆనేట్టు పడుకోబెట్టి, మొనను కాళ్ల మధ్య నుంచి పైకి తెచ్చి బొడ్డుకు ఒక వేలు కింద ఆపు. రెండు పక్కల కొనలు ముందుకు తెచ్చి ముడి వెయ్యి. ముడికీ పొట్టకీ మధ్య నీ రెండు వేళ్లు దూరాలి. పాలు తాగినాక పొట్ట ఉబ్బుతుంది కదా. పిన్నీసు వద్దు.

*

అక్కా, కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగస్తులు. బిడ్డకు రాత్రీ పగలూ అంగడి డైపరే. ఒళ్లు ఏమైపోతుందో అని నా భయం. గుడ్డలు కట్టమంటే కోడలు మొహం ముడుచుకుంటుంది. మీరైనా చెప్పండి.
— ఒక నానమ్మ, ప్రొద్దుటూరు

చెప్తాను చెల్లీ, కానీ నీకే. నీ ఉత్తరం రెండు పేజీలుంది. రెండుసార్లు చదివాను. ఆ గుడ్డలు ఎవరు ఉతుకుతారనేది ఎక్కడా లేదు.

రోజుకు ఎనిమిది గుడ్డలనుకో. దొడ్డికి పోయినవి వదిలించాలి, జాడించాలి, ఉతకాలి, మిద్దె ఎక్కి ఆరెయ్యాలి, ఎండ పోకముందే దించాలి, మడవాలి. ఉద్యోగం నుంచి ఏడింటికి వచ్చిన పిల్ల అది చెయ్యాలా? నీకు మోకాళ్ల నొప్పులని నువ్వే రాశావు. మీవాడి సంగతేంది? మా ఇంట్లో మనవరాలి గుడ్డలు ఉతికింది నా కొడుకు. పొద్దున ఆరింటికి, మోటార్ వేసేటప్పుడు. మొదటి వారం నేను చూడలేక చెయ్యి పెట్టబోతే మా కోడలు నన్ను లోపలికి పంపించింది. మంచి పని చేసింది. నా కొడుక్కి నేర్పించనిది ఆమె నేర్పించింది. మీవాడు ఒప్పుకుంటేనే కొనండి. పని మొత్తం ఒక ఆడమనిషి నెత్తిన పడేట్టయితే అంగడి డైపరే ఉండనీ.

అంగడి డైపర్ విషం కాదు. లోపల ఉండే పొడి తడి తగిలితే జిగురులాగా ఉబ్బి నీళ్లను పట్టుకుంటుంది, అంతే. తప్పంతా "ఇంకా నిండలేదులే" అని ఆరేడు గంటలు ఉంచెయ్యడంలో ఉంది. పగలు మూడు గంటలకొకసారి మార్చమను. దొడ్డికి పోతే ఏదైనా సరే వెంటనే మార్చాలి. మధ్యేమార్గం కావాలంటే నువ్వు ఇంట్లో ఉండే పగటి పూట గుడ్డ, రాత్రికి అంగడిది. వాడినదాన్ని వాకిట్లోకో కాలవలోకో విసిరెయ్యకుండా పేపర్లో చుట్టి చెత్తబండికి విడిగా ఇవ్వండి. 2016 నాటి చెత్త నిబంధనల్లోనే అట్లా చుట్టి ఇవ్వమని ఉంది. ప్రొద్దుటూరు కాలవల్లో నేను చూసినవి మాత్రం ఆ నిబంధన చదివినట్టు లేవు.

*

ఏడు నెలల బాబుకు గజ్జల్లో ఎర్రగా ఒరిసిపోయింది. గుడ్డ డైపరే వాడుతున్నాం. పౌడర్ వేస్తున్నాం, తగ్గడం లేదు.
— ఒక తండ్రి, తాడిపత్రి

ముందు పౌడర్ ఆపు నాయనా. గజ్జల్లో ముద్ద కడుతుంది, గాల్లో ఎగిరింది బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

గుడ్డ డైపర్ కాబట్టి ఒరవదు అనేది ఏమీ లేదు. తడి, రాపిడి, దొడ్డికి పోయింది చర్మానికి అంటుకుని ఉండటం, ఈ మూడే కారణం. గుడ్డ తడిని దాచదు కాబట్టి రెండు గంటలకే మార్చాలి. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, పది నిమిషాలు ఏమీ కట్టకుండా వదిలెయ్. చాపేసి బోర్లా పడుకోబెట్టి నువ్వు పక్కన కూర్చో. తర్వాత జింక్ ఆక్సైడ్ ఉన్న పూత మందంగా రాయి. ఆ పూత గుడ్డకు అంటితే మళ్లీ పీల్చదు కాబట్టి మధ్యలో పాత నూలు గుడ్డ ముక్క వేసుకో, దాన్ని విడిగా ఉతుకు. ఆఖరి నీళ్లలో డెట్టాల్ లాంటివి పోస్తుంటే అది కూడా మానెయ్, గుడ్డలో మిగిలి మండిస్తుంది.

రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, మడతల లోపలికి ఎర్రగా పాకి చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు కనపడినా అది ఫంగస్ కావచ్చు, దానికి మందు వేరే. చీము, జ్వరం ఉంటే ఆగొద్దు. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు తెచ్చి రాయొద్దు. పెద్దవాళ్ల గజ్జికి వాడింది బిడ్డకు రాసి చర్మం పల్చబడి తెచ్చినవాళ్లను చూశాను. పిల్లల డాక్టరుకు చూపించు.

ఒక తండ్రి ఈ శీర్షికకు ఉత్తరం రాయడం ఇది నాలుగోసారి. లెక్క పెట్టుకుంటున్నాను.

*

కాళ్లు వంకర పోతాయని మా అవ్వ బిడ్డ రెండు కాళ్లూ చాచి గుడ్డతో బిగించి చుడుతోంది. ఈ లావు డైపర్లే కాళ్లు వంకర తెస్తాయని కూడా అంటోంది. — గుంతకల్లు

అవ్వను కోప్పడకు, కానీ ఆ చుట్టడం ఆపు. తొడలు పక్కకు విడి, మోకాళ్లు మడిచి కప్పలాగా ఉండటమే పసిబిడ్డ తుంటికి మంచిది. కాళ్లు చాచి బిగిస్తే తుంటి కీలు జారే ప్రమాదం ఉంది. డైపర్ లావుతో కాళ్లు వంకర పోవు. చేతులకు చుట్టుకోనీ, నడుము కింద వదులుగా ఉండాలి.

*

ఆరో నెల నుంచి బిడ్డను పిల్లల సెంటర్లో వదలాలి. అక్కడివాళ్లు గుడ్డ డైపర్ మేం వెయ్యం అంటున్నారు. — కడప

అక్కడ కష్టమే. పొద్దున్నే ప్యాడ్ దూర్చి సిద్ధంగా పెట్టిన పాకెట్ డైపర్లు ఐదు, తడివి వేసుకోవడానికి జిప్పు సంచి ఒకటి ఇచ్చి "మీరు ఉతకొద్దు, జాడించొద్దు, మడిచి ఇందులో వెయ్యండి చాలు" అని ఒక వారం అడిగి చూడు. ఒప్పుకోకపోతే పగలు అంగడిది, ఇంట్లో గుడ్డ.

*

పాపకు రెండున్నరేళ్లు. గుడ్డ డైపర్ వాడితే తొందరగా చెప్పడం నేర్చుకుంటారన్నారు. మా పాప చెప్పదు. — ఆదోని

తడి తెలుస్తుంది కాబట్టి కొందరికి సాయపడుతుంది, అందరికీ కాదు. మా కాలంలో అవ్వలు కాళ్లు చాపుకుని, రెండు పాదాల మధ్య బిడ్డను కూర్చోబెట్టి "ష్... ష్..." అని చప్పుడు చేసేవాళ్లు. నిద్ర లేచిన వెంటనే, పాలు తాగిన కాసేపటికి. అది బిడ్డ నేర్చుకోవడం కన్నా అవ్వ వేళ కనిపెట్టడం. మీ పాప రెండు గంటలు పొడిగా ఉండగలుగుతోందా, తడిస్తే గుడ్డ లాగుతోందా, మూలకు పోయి దాక్కుంటోందా చూడండి. అవి కనపడితే మందం నూలు చడ్డీలు నాలుగు కొని డైపర్ తీసెయ్యండి. వేసవిలో మొదలుపెట్టండి. ఆదోని ఎండకు చడ్డీ అరగంటలో ఆరుతుంది, నేల అంతకన్నా ముందే ఆరుతుంది. తిట్టొద్దు. రాత్రి పూట పొడిగా ఉండటానికి ఇంకా ఏడాది రెండేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు.

చిన్నపిల్లల దొడ్డికి దోషం లేదని వాకిట్లోకి విసిరేవాళ్లు ఇంకా ఉన్నారు. పెద్దవాళ్లదానిలో ఉన్న క్రిములే అందులోనూ ఉంటాయి. మరుగుదొడ్లో వెయ్యండి, సబ్బుతో చేతులు కడుక్కోండి.

*

మా అక్క బిడ్డ వాడిన డైపర్లు పద్నాలుగు ఇస్తానంటోంది. ఒకరివి ఇంకొకరికి వాడొచ్చా? — పులివెందుల

సంతోషంగా తీసుకో. ముందు మూడు చూడు. కాళ్ల దగ్గరి ఎలాస్టిక్ లాగి వదిలితే వెనక్కి రావాలి. కవరు లోపలి నున్నటి పూత పొక్కులు లేచి ఊడుతుంటే అది ఇక నీళ్లాపదు. కవర్లను నీడలో కాకుండా ప్యాడ్లతో పాటు ఎర్రటి ఎండలో ఆరేసే ఇళ్లలో అట్లా ఊడుతుంది. అనుమానంగా ఉంటే కవరును గిన్నెలాగా పట్టుకుని గ్లాసు నీళ్లు పోసి కింద చెయ్యి పెట్టు. టిచ్ బటన్లు అన్నీ పట్టాలి. బాగున్నవాటి ప్యాడ్లను ఉడుకు నీళ్లలో, కవర్లను మామూలు నీళ్లలో రెండుసార్లు ఉతికి ఆరేస్తే కొత్తవాటికి తీసిపోవు. పాత మరకలు అట్లే ఉండిపోతే తడిగా ఉన్నప్పుడే ప్యాడ్లను మిట్టమధ్యాహ్నం మిద్దె మీద పరుచు, రెండు మూడు ఎండలకు సగం పోతాయి.

నా మనవరాలివి పన్నెండు. పది ఇప్పుడు మూడో ఇంట్లో ఉన్నాయి. ఎలాస్టిక్ సాగిపోయిన రెండింటిని పారెయ్యబోతే నా కొడుకు కవర్లు కోసేసి లోపలి ప్యాడ్లు స్కూటర్ తుడవడానికి పెట్టుకున్నాడు. బాగా పీలుస్తున్నాయంట.